సింహముఖంలో సంసారం

అంకమ్మ ఇంటికి సింహం మొహం ఉందని మాకు మొదట చెప్పింది పక్కింటి నాంచారమ్మ. ఆమెకు చెప్పింది నగర పంచాయతీ ఆఫీసు ఊడ్చే దీనమ్మ. దీనమ్మ కూడా కళ్లతో చూడలేదు, తలుపు వారగా నిలబడి విన్నదట. కొత్తగా వచ్చిన కమిషనరు గారు ఊరి పటం బల్ల మీద పరిపించుకుని, భూతద్దం పెట్టి చూస్తూ, "ఇది సింహం, ఇదీ సింహం, అదుగో అది ఆవు" అని ఒక్కో ఇంటి మీదా వేలు పెడుతున్నాడట. పక్కన గుమాస్తా ఎర్ర పెన్సిలుతో సింహాలనీ, పచ్చ పెన్సిలుతో ఆవులనీ దిద్దుతున్నాడట. నాంచారమ్మ మా అరుగు మీద కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ ఇదంతా చెప్పి, అంత చదువు చదివితే ఎవరికైనా అట్టాగే అవుతుందని తీర్పు కూడా ఇచ్చి, చేట ఎత్తుకుని వెళ్లిపోయింది.

మేం నవ్వుకున్నాం. నాంచారమ్మ ఏది చెప్పినా కాస్త పెంచి చెబుతుందని మాకు నమ్మకం. ఈసారి తగ్గించి చెప్పిందని తర్వాత తెలిసింది.

మా ఒంపులపాలెం సంగతి కొంచెం చెప్పాలి. కాలవ మా ఊరి దగ్గరకు వచ్చి కొడవలిలా వంగుతుంది. కాలవ వంగింది కాబట్టి కట్ట వంగింది, కట్ట వంగింది కాబట్టి రోడ్డు వంగింది. రోడ్డుకు అటూ ఇటూ ఇళ్లు లేచాయి. వంకర రోడ్డు పక్కన స్థలాలు కోసుకుంటే అవి తిన్నగా ఎలా వస్తాయి? వంపు లోపలి వరసలో స్థలాలు రోడ్డు వైపు వెడల్పుగా మొదలై వెనక్కి పోయేకొద్దీ సన్నబడ్డాయి. బయటి వరసలో రోడ్డు వైపు సన్నగా మొదలై వెనక కాలవ వైపు విచ్చుకున్నాయి. బండి చక్రంలో ఆకుల మధ్య సందు ఇరుసు దగ్గరకు పోయేకొద్దీ ఇరుకవుతుంది చూడండి, ఇదీ అంతే. ఇందులో ఊరివాళ్ల తెలివీ లేదు, తెలివితక్కువా లేదు. తప్పు ఏమైనా ఉంటే కాలవది.

ముందు వెడల్పు, వెనక సన్నం అయితే సింహముఖమనీ, అది వ్యాపారానికి మంచిదనీ, ముందు సన్నం, వెనక వెడల్పు అయితే గోముఖమనీ, అది కాపురానికి మంచిదనీ వాస్తు చెప్పేవాళ్లు మా ఊరికి వచ్చినప్పుడల్లా చెబుతూనే ఉన్నారు. మేమూ విని, తల ఊపి, మజ్జిగ ఇచ్చి పంపుతూనే ఉన్నాం. మా ఊళ్లో సింహాల్లో కాపురాలు ఉన్నాయి, ఆవుల్లో కొట్లు ఉన్నాయి. ఎందుకంటే బస్సు ఆవుల వైపు ఆగుతుంది. బస్సు దిగిన మనిషి రోడ్డు దాటకుండానే బీడీలూ బెల్లం కొనుక్కోవాలని చూస్తాడు తప్ప, కొట్టువాడి స్థలం వెనక ఎంత వెడల్పుందో టేపు పెట్టి చూడడు.

కమిషనరు చక్రధర్ గారు రాజధానిలో 'నివాస శాస్త్ర పునశ్చరణ' అనే శిక్షణ పొంది మా ఊరికి వచ్చారు. వస్తూ ఒక గాజు తాబేలు, ఎర్ర రిబ్బను కట్టిన వెదురు పిలకలు, గాలికి గలగలమనే గొట్టాలు తెచ్చారు. గొట్టాలు గుమ్మానికి వేలాడదీశారు. వెదురు ఫైళ్ల పక్కన పెట్టారు. తాబేలును ఇత్తడి పళ్లెంలో నీళ్లు పోసి ఉత్తరం మొహంగా కూర్చోబెట్టారు. ఊరికి కుళాయి నీళ్లు రోజు విడిచి రోజు వచ్చేవి. తాబేలుకు మాత్రం రోజూ మార్చేవారు.

ఆయన ముందు తన ఆఫీసు స్థలాన్నే కొలిపించారు. నియమం ముందు తనకే వర్తింపజేసుకునే మనిషి. అది నాలుగు వైపులా సమానంగా ఉంది. ముందు వెనక తేడా లేదు కాబట్టి అది సింహమూ కాదు, ఆవూ కాదు. దానికి మొహమే లేదని తేలింది. రిజిస్టరులో 'నిర్ముఖం' అని రాయించి, ప్రభుత్వ కార్యాలయానికి ఇదే శ్రేష్ఠమని సంతకం చేశారు.

ఆ తర్వాత నోటీసులు బయలుదేరాయి.

నోటీసులు పంచేది బిల్లు కలెక్టరు పూర్ణయ్య. వాడిది మా ఊరే. అంకమ్మకు వరసకు మేనల్లుడు. అంకమ్మ కూలికి పోయి ఇల్లు గడిపే మనిషి. మొగుడు పరదేశయ్య రైసుమిల్లులో బస్తాలు మోసేవాడు. ఒకరోజు బస్తాల మీద నుంచి జారి తుంటి విరగ్గొట్టుకున్నాడు. అప్పటి నుంచి మంచం దిగలేదు. ఆ ఇల్లు ఆయన సొంతంగా, సెలవు దొరికిన రోజున కొంత, దొరకని రోజున కొంత, ఇటుక ఇటుకా పేర్చి కట్టుకున్నది. ముందు గదికి కిటికీ బాగా కిందికి పెట్టాడు. అప్పట్లో అందరూ దొంగలు దూరతారని నవ్వారు. మంచాన పడ్డాక ఆ కిటికీయే ఆయనకు కాళ్లయింది. పడుకునే రోడ్డంతా చూసేవాడు. ఏ బస్సు ఆలస్యమైందో, ఎవరి ఎద్దు కుంటుతోందో, ఎవరి కోడలు పుట్టింటికి పోతోందో ఆయన్ని అడిగితే చాలు. దారిన పోయేవాళ్లను పేరు పెట్టి పిలిచి, వాళ్ల పని చెడగొట్టి, రెండు మాటలు మాట్లాడి గానీ వదిలేవాడు కాదు. ఆ కిటికీ పక్కనే తన ప్రాణం పోవాలని ఆయన అంకమ్మకు చాలాసార్లు చెప్పాడు. పోదువుగానిలే, తొందరేముందని ఆమె అనేది.

పూర్ణయ్య ఆ కిటికీ దగ్గరే నిలబడి నోటీసు విప్పాడు. అంతసేపూ "అత్తా" అంటున్నవాడు కాగితం విప్పగానే గొంతు మార్చేశాడు.

"సదరు స్థలము పురోభాగమున విశాలముగను, పృష్ఠభాగమున సంకుచితముగను ఉన్నందున సింహముఖముగా నిర్ధారింపబడినది. సింహముఖమునందు వాణిజ్యము తప్ప అన్య కార్యకలాపములు నిషిద్ధము. కావున సదరు ఇల్లు ఇకపై దుకాణముగా పరిగణింపబడును. యజమానురాలు తగు సరుకును ప్రదర్శించవలెను."

"అంటే ఏందిరా?" అంది అంకమ్మ.

"నీ ఇల్లు కొట్టయిపోయింది అత్తా."

"ఎప్పుడు?"

"మొన్న బుధవారం."

"బుధవారం నేను ఇంట్లోనే ఉన్నానే" అంది అంకమ్మ.

లోపలి నుంచి పరదేశయ్య, ఏం అమ్మాలో అది కూడా రాశారా, లేక మనమే కనిపెట్టుకోవాలా అని అడిగాడు. పూర్ణయ్య కాగితం వెనక్కి తిప్పి చూసి, రాయలేదు మావా అన్నాడు.

అదే రోజు ఎదురు వరసలో కిరాణా కొట్టు చెంచయ్యకూ నోటీసు వచ్చింది. అతని స్థలం గోముఖమట. అందులో నివాసం తప్ప మరేదీ చెయ్యకూడదట. పొయ్యి, పడక, తులసికోట మూడూ తప్పనిసరట. 'గోముఖమును వ్యాపారమునకు వినియోగించుట గోవును కాడికి కట్టుటతో సమానము' అని కింద అడ్డగీత గీసి రాశారు. తనకు వెనక వీధిలో ఇల్లుందని, అక్కడ పొయ్యీ పడకా పెళ్లామూ అన్నీ ఉన్నాయని, ఇక్కడ చింతపండు తప్ప మరేం లేదని చెంచయ్య మొత్తుకున్నాడు. కమిషనరు గారు ఓపికగా విని, మనిషి వసించని గోముఖం ఊరి శక్తిని పీల్చేస్తుందని సెలవిచ్చారు. చెంచయ్య రెండో పొయ్యి కొనుక్కున్నాడు. మంగలి మస్తానూ, టైలరూ, టిఫిన్ల గోపాలమూ కూడా కొన్నారు. ఆ వారం మా ఊళ్లో బాగుపడింది పొయ్యిలమ్మే మనిషి ఒక్కడే. అతని కొట్టు కూడా ఆవుల వరసలోనే ఉంది కాబట్టి అతనికీ నోటీసు వచ్చింది.

తనిఖీకి కమిషనరు గారు స్వయంగా వచ్చారు. అంకమ్మ అరుగు మీద గోనె పరిచి నాలుగు నిమ్మకాయలు, ఒక చేట, ఎండుమిరపకాయల కట్ట పెట్టింది. ఆయన సరుకు చూసి తల ఊపి, అమ్మకాలు ఎలా ఉన్నాయని అడిగారు. నిమ్మకాయలు ఇంట్లో చారులోకి తెచ్చుకున్నవనీ, ఎవరైనా కొంటే చారుకు ఉండవనీ అంకమ్మ ఉన్నమాట చెప్పింది. ఆయన నొచ్చుకున్నారు. అమ్మకం లేని దుకాణాన్ని నెల తిరిగేసరికి 'మృత దుకాణం'గా ప్రకటించి సీలు వెయ్యాల్సి వస్తుందని మెత్తగా చెప్పారు.

గుమాస్తా లోపలికి పోయి సరుకు జాబితా రాసుకొచ్చాడు. దాని చివర ఇలా ఉంది: కదలని సరుకు – నులక మంచము ఒకటి, దానిపై వృద్ధుడు ఒకరు.

"నాకు ధర ఎంత పెట్టావయ్యా?" అని అడిగాడు పరదేశయ్య.

ధర చీటీ లేదు కాబట్టి ప్రదర్శనకు మాత్రమే అని రాసుకున్నానని గుమాస్తా మర్యాదగా చెప్పాడు.

"ఒసే, ఎవరైనా బేరానికొస్తే నాతో చెప్పకుండా ఇచ్చెయ్యమాకు" అన్నాడు పరదేశయ్య పెళ్లాంతో.

సీలు భయంతో సింహాల వరసంతా వ్యాపారంలో పడింది. అంకమ్మ చేటను నాంచారమ్మ కొంది. నాంచారమ్మ దగ్గర కత్తిపీట ఇంకొకరు కొన్నారు. అంకమ్మ చేట వరసలో ఈ చివర నుంచి ఆ చివరకు పోయి, సాయంత్రానికి తిరిగి ఆమె ఇంటికే వచ్చేసేది. పరదేశయ్యకు ఇది బాగా నచ్చింది. పడుకునే బేరాలాడేవాడు. నాంచారమ్మ అడిగిన ధరకు చేట ఇవ్వనన్నాడు. అదేదో పెద్ద సరుకైనట్టు ఆమె అలిగి వెళ్లిపోయింది. మళ్లీ వచ్చింది. కమిషనరు గారు ఆ పూట అటుగా పోతూ ఇది చూసి, పట్టణంలో వాణిజ్య చైతన్యం మేలుకుందని పై ఆఫీసుకు రాసుకున్నారు.

ఇంతటితో ఆగితే మాకు వినోదంగానే ఉండేది. కానీ నియమం అన్నాక దానికి రాత్రి కూడా ఉంటుంది. రెండో నోటీసు అదే చెప్పింది. వాణిజ్య స్థలమునందు దీపములు పెట్టిన పిమ్మట ఎవరూ శయనించరాదు. సింహం నిద్రలో ఉన్న మనిషిని మింగుతుందని శిక్షణలో చెప్పారట. గోముఖంలో అయితే రాత్రి ఎవరో ఒకరు నిద్రపోయి తీరాలి, లేకపోతే ఆవు రాత్రంతా నిలబడే ఉంటుందట.

అంకమ్మ ఆఫీసుకు పోయి, మరి మేం ఎక్కడ పడుకోవాలని అడిగింది. అది తమ శాఖ పరిధిలోకి రాదన్నారు.

దారి చూపించింది చెంచయ్య. అతనికి తన కొట్లో ఎవరో ఒకరు పడుకోవాలి, అంకమ్మకు ఎక్కడో ఒకచోట పడుకోవాలి. పగలు అతని సరుకు అంకమ్మ ముందు గదిలో, రాత్రి అంకమ్మ కాపురం అతని బస్తాల మధ్య. ఒప్పందం కుదిరింది. దాన్ని చూసి మిగతావాళ్లూ అలాగే కుదుర్చుకున్నారు. పొద్దు వాలేసరికి సింహాల వరస నుంచి మంచాలు, చాపలు, దిండ్లు, నీళ్ల బిందెలు, నిద్రపోతున్న పిల్లలు రోడ్డు దాటి ఆవుల వరసకు పోయేవి. తెల్లవారగానే పప్పు డబ్బాలు, బెల్లం దిమ్మలు, తక్కెళ్లు, క్షవరం కుర్చీ, కుట్టు మిషన్లు రోడ్డు దాటి సింహాల వరసకు వచ్చేవి. వాటి వెనకే మంచాలూ తిరిగి వచ్చేవి.

పరదేశయ్య మంచాన్ని నలుగురు మొయ్యాలి. మస్తాను, పూర్ణయ్య, గోపాలం, ఆ పూట దొరికిన ఇంకెవరైనా. మొదటి సాయంత్రం రోడ్డు మధ్యకు వచ్చేసరికి బస్సు వచ్చి ఆగింది. నలుగురు మనిషిని మోసుకుపోతుంటే బస్సులో వాళ్లు లేచి నిలబడ్డారు. ముందు సీట్లో పెద్దమనిషి చెప్పులు విడిచి దణ్ణం పెట్టాడు. పరదేశయ్య మర్యాద తెలిసినవాడు కాబట్టి పడుకునే తిరిగి దణ్ణం పెట్టాడు. పెద్దమనిషి కెవ్వుమని అరిచి వెనకాయన మీద పడ్డాడు.

ఆ గొడవ తర్వాత కమిషనరు గారు 'శయన సామగ్రి తరలింపు నిబంధనలు' జారీ చేశారు. మంచాలు ఈలకు కదలాలి, ఈలకు ఆగాలి. ఎడమ పక్కన పోవాలి. మనిషితో కూడిన మంచాన్ని తల ముందుగా మొయ్యాలి. కాళ్లు ముందుగా మోస్తే అది వేరే శాఖ పరిధిలోకి వెళుతుంది.

ఊరు నవ్వుకుంది గానీ పరదేశయ్య నవ్వు తగ్గిపోయింది. చెంచయ్య కొట్టు ముందు సన్నం కాబట్టి దానికి కిటికీ లేదు. మిరపకాయ బస్తాల పక్కన మంచం వేస్తే తెల్లవార్లూ దగ్గు. పగలు ఇంటికి తెస్తే కిటికీకి అడ్డంగా చెంచయ్య బెల్లం దిమ్మలు. రోడ్డు కనిపించదు. మనుషుల కాళ్లు కనిపిస్తాయి, అవీ కొనడానికి వచ్చినవాళ్లవి. తుంటి కుదుపుకు రోజు రోజుకూ నొప్పి ఎక్కువైంది. పేరు పెట్టి పిలిచేవాడు పిలవడం మానేశాడు. మంచం ఎత్తిన ప్రతిసారీ ఒక్క మాట అడిగేవాడు, మనింటికేనా అని. సాయంత్రం పూట అంకమ్మ దుప్పటి సర్దుతూ ఉండిపోయేది.

చివరకు ఆమె అర్జీ పెట్టింది. తన ఇంటి మొహం మార్చమని.

కమిషనరు గారు అర్జీదారులంటే ప్రాణమిస్తారు. కుర్చీ వేయించి, తాబేలు మీద నుంచి తొంగి చూస్తూ ఆమెకు విడమరిచి చెప్పారు. "చూడమ్మా, మనం సింహాన్ని ఆవుగా మార్చలేం. అది ప్రకృతి విరుద్ధం. కానీ నిర్ముఖీకరణ చేయవచ్చు. మీ స్థలం ముందు భాగం వెనక భాగంతో సమానమయ్యేలా రెండు పక్కలా కోసి మాకు ఇచ్చేస్తే, సదరు స్థలం ముఖాన్ని కోల్పోతుంది. అప్పుడు మీరు హాయిగా నివసించవచ్చు, మేమున్నట్టే."

"రెండు పక్కలా గోడలున్నయ్యి గదయ్యా."

"గోడలు మానవ నిర్మితాలమ్మా" అన్నారు కమిషనరు గారు.

అంకమ్మ రెండు రోజులు ఆలోచించింది. మూడో రోజు మేస్త్రీని పిలిచింది. ఒక పక్క వంటగది పోయింది. ఇంకో పక్క ముందు గదిలో సగం, అరుగు కొస పోయాయి. పరదేశయ్య కట్టిన గోడ పడుతుంటే ఆయన్ని ఎదురు కొట్లో పడుకోబెట్టింది, చప్పుడు వినపడకుండా ఉంటుందని. రోడ్డుకు అంత దూరమేముంది, వినపడే ఉంటుంది. కిటికీ ఉన్న ముక్కను మాత్రం వదలమంది. మేస్త్రీ దాని చుట్టూ జాగ్రత్తగా కొట్టి వదిలాడు. మంచం పట్టేంత గది, ఆ కిటికీ మిగిలాయి. అది చాలనుకుంది.

కొలతకు వచ్చినప్పుడు గుమాస్తా టేపు ముందు పెట్టాడు, వెనక పెట్టాడు, మళ్లీ ముందు పెట్టాడు. ముందు జానెడు ఎక్కువ వచ్చింది. మేస్త్రీ తాడు వాలుగా పట్టుకున్నాడట. ఆ జానెడు కూడా కొట్టేస్తే కిటికీ పోతుంది. జానెడే గదయ్యా అని అంకమ్మ అడిగింది. కమిషనరు గారు దీర్ఘంగా ఆలోచించి ఫైలు మీద ఇలా రాశారు: 'పరిశీలించితిని. సింహము పరిమాణమున తగ్గినది గాని జాతి మారలేదు. ప్రస్తుతము దీనిని సింహపు పిల్లగా భావించవలెను. పిల్ల పెరుగు స్వభావము కలది కావున మరింత అప్రమత్తత అవసరము. నిషేధము యథాతథము.'

కోసి ఇచ్చిన ముక్కల సంగతి మిగిలింది. అవి మూడు మూలల ముక్కలు. మూడు మూలలున్నది అగ్నితత్వమట, నిప్పు వెలిగించే పనికి తప్ప ఇంకెందుకూ పనికిరాదట. వాటిని ఖాళీగా వదిలేస్తే ఊరు తగలబడుతుందని వెంటనే కేటాయించారు. అంకమ్మ వంటగది ఉన్న ముక్కలో చెంచయ్య బావమరిది బజ్జీల బండి పెట్టాడు. రెండో ముక్కలో అతనే టీ పొయ్యి పెట్టాడు. నూనె పొగ తిన్నగా కిటికీలోంచి మంచం మీదికి వచ్చేది. అంకమ్మ తన వంటకు నిప్పు కావలిస్తే ఆ బండి దగ్గరకే పోయి అడిగి తెచ్చుకునేది.

సరిగ్గా అప్పుడే మా ఊరు ఆదర్శమైంది. సింహాలు నూటికి నూరు శాతం వాణిజ్యంలో, ఆవులు నూటికి నూరు శాతం నివాసంలో ఉన్న పట్టణం చుట్టుపక్కల ఎక్కడా లేదట. ఈ విధానాన్ని మిగతా ఊళ్లలోనూ పెట్టే ఉద్దేశంతో ప్రాంతీయ సంచాలకులు గారు స్వయంగా చూడటానికి బయలుదేరారు. కమిషనరు గారు రోడ్డు పొడవునా ముగ్గులు వేయించారు. మంచాల కోళ్లకు రంగు పూయించారు. దిండ్లకు ఒకే రంగు గలేబులు తొడిగించారు. ఈల ఊదేవాడికి కొత్త ఈల ఇప్పించారు. సంచాలకులు గారు పొద్దు వాలే వేళకు వచ్చేలా చూసుకున్నారు. తరలింపు చూడటానికి అదే మంచి సమయం.

కారు దిగిన సంచాలకులు గారు పెద్దవయసు మనిషి, మెత్తగా మాట్లాడతాడు. తోడుగా వచ్చిన వాళ్లు పుస్తకాలు తెరిచి పట్టుకున్నారు. కమిషనరు గారు అటు చూపించి వాణిజ్యం, ఇటు చూపించి నివాసం అని వివరించారు. సంచాలకులు గారు అటూ ఇటూ చూసి, అంతా బాగుంది గానీ ఈ మంచాలన్నీ ఎక్కడికి పోతున్నాయని అడిగారు.

"శయన సామగ్రి సార్" అన్నారు కమిషనరు గారు. "శక్తి ప్రవాహానికి అనుగుణంగా ఉదయాస్తమయాల్లో తరలుతుంది."

సంచాలకులు గారు తల ఊపారు. పక్కవాళ్లు రాసుకున్నారు. ఈల మోగింది.

మంచాలు కదిలాయి. పరదేశయ్య మంచం సరిగ్గా రోడ్డు మధ్యకు వచ్చేసరికి సంచాలకులు గారు దగ్గరగా చూద్దామని అడుగు ముందుకేశారు. ఆయనకు మంచం తగులుతుందని ఈలవాడు ఆగమని మళ్లీ ఊదాడు. నలుగురూ మంచం భుజాల మీద పెట్టుకుని అక్కడే నిలబడిపోయారు. అటు బస్సు ఆగింది. ఇటు వరసలో ఉన్న బిందెలూ చాపలూ ఆగాయి. అంకమ్మ మంచం పక్కన దుప్పటి కొస పట్టుకుని నిలబడింది.

సంచాలకులు గారు మడమలెత్తి మంచంలోకి చూసి, బాగున్నావా తాతా అని పలకరించారు. ఊళ్లో కుక్కను కూడా పలకరించకుండా వదలని పరదేశయ్య ఆయన వైపు చూడలేదు. అంకమ్మ వైపు తిరిగి ఆ ఒక్క మాటే అడిగాడు. "మనింటికేనా?"

ఆ మాట సంచాలకులు గారి చెవిన పడింది. ఆయన మనసు కరిగినట్టుంది. గొంతు ఇంకా మెత్తగా చేసి, "మీ ఇల్లు ఎక్కడమ్మా?" అని అంకమ్మను అడిగారు.

కమిషనరు గారు అడ్డొచ్చి, పగటి వర్గీకరణ ప్రకారం ఒకటి, రాత్రి వర్గీకరణ ప్రకారం ఒకటి అని మొదలుపెట్టబోయారు. సంచాలకులు గారు చెయ్యెత్తి ఆయన్ని ఆపి, నువ్వు చెప్పమ్మా అన్నారు. పుస్తకాల వాళ్లు కలాలు సిద్ధంగా పెట్టుకున్నారు. అంకమ్మ చెప్పింది. అది పుస్తకాల్లో ఎవరూ రాసుకోలేదు. ఆమె అన్నది ఇంతే.

"అదేమో కొట్టన్నారు, ఇదేమో ఆవన్నారు. మధ్యలో ఇల్లు పట్టుకుపోయింది మీరే గదయ్యా. ఎక్కడ పెట్టారో చెప్పండి, ఈయన్ని అక్కడ దించుతాం."